బాంబు పడ్డాక వచ్చే వాన: యుద్ధంలో పాత నగరం కట్టడాలను కాపాడే పని ఎలా చేయాలి

నేరుగా నెత్తిన పడే బాంబును ఆపే రక్షణ ఏదీ లేదు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే పని తేలికవుతుంది. పాత కట్టడాలను మింగేవి ఇంకా చాలా ఉన్నాయి: పక్క వీధిలో పేలినదాని తునకలు, గాలి దెబ్బకు రాలే అద్దాలు, అటకలో రాజుకున్న మంట, కప్పు లేచిపోయాక రెండు నెలలు కురిసే వాన, కూలిన రాళ్ళను చెత్త కింద జమకట్టి ఎత్తిపోసే బుల్‌డోజరు. వీటన్నిటికీ చేయదగ్గ పని ఉంది. చాలావరకు ఖరీదైన పని కూడా కాదు.

ఇంకో ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడరు. కాపాడాలని చేసిన పనే కట్టడాన్ని పాడుచేస్తుంది. శిల్పానికి ఆనించి పేర్చిన తడి బస్తాలు, ఊపిరాడకుండా చుట్టిన ప్లాస్టిక్, చెక్కిన రాతిలోకి దింపిన బోల్టులు బాంబు పడని కట్టడానికి కూడా గాయం చేస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఏం చేయాలో ఎంత చెబుతామో, ఏం చేయకూడదో కూడా అంతే చెబుతాం.

ముందు చిట్టా

యుద్ధం మొదలయ్యాక జాబితా రాయడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే, అయినా రాయాల్సిందే. ఒక్కో కట్టడానికి ఒక్కటే కాగితం. దాని మీద పేరు, డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే) పద్ధతిలో అక్షాంశ రేఖాంశాలు (దశాంశం తర్వాత 5 అంకెలు ఉంటే సుమారు ఒక మీటరు ఖచ్చితత్వం వస్తుంది), కప్పు దేనితో కట్టింది, ఏ అంతస్తులు కర్రవి, కింద నేలమాళిగ ఉందా, కరెంటు మెయిను, గ్యాసు వాల్వు ఎక్కడ, తాళాలు ఎవరి దగ్గర, వాళ్ళు ఊరు విడిచి వెళ్తే తర్వాత ఎవరి దగ్గర. ఆఖరి ప్రశ్న రాయడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. అర్ధరాత్రి మంటలు లేచినప్పుడు తాళం దొరక్క తలుపు పగలగొట్టాల్సి వచ్చేది అందుకే.

అదే కాగితం వెనక మూడు పేర్లు పెట్టుకోండి: విప్పి తీసుకుపోగలిగేవి, ఉన్నచోటే కప్పగలిగేవి, ఏమీ చేయలేనివి. విప్పగలిగే వాటిలో మళ్ళీ రెండు గంటల టైముంటే ఏవి, రెండు రోజులుంటే ఏవి, రెండు వారాలుంటే ఏవి అని విడగొట్టండి. అందమైనదానికీ పెద్దదానికీ ముందు చోటు ఇవ్వాలనిపిస్తుంది. అది తప్పు లెక్క. మళ్ళీ చేయలేనిది, సులువుగా పగిలేది ముందు. మందపాటి కోటగోడ తునకల దెబ్బలు తిని కూడా నిలబడుతుంది. దాని పక్క గదిలోని గార బొమ్మ నిలబడదు.

కొలతలు, ఫొటోలు

డబ్బు, మనుషులు, టైము ఒక్క పనికే సరిపోతాయంటే ఈ పని చేయండి. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ రాజధాని వార్సా పాత నగరం దాదాపు నేలమట్టమైంది. దాన్ని తిరిగి కట్టగలిగారంటే అక్కడి పాలిటెక్నిక్ ఆర్కిటెక్చర్ విభాగం వాళ్ళు కొలిచి గీసిన నక్షాలు దాచి ఉంచడం వల్ల, 18వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు బెలొట్టో వేసిన నగర చిత్రాలు మిగలడం వల్ల. 1980లో ఆ పాత నగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళింది.

లేజర్ స్కానర్ ఉంటే మంచిదే. లేకపోతే మామూలు కెమెరాతో ఫొటోగ్రామెట్రీ (ఫొటోలను కలిపి కొలతలున్న త్రీడీ మోడల్ తయారుచేసే పద్ధతి) చేయండి. గోడకు ఎదురుగా నిలబడి, అడుగు అడుగుకూ పక్కకు జరుగుతూ తీయాలి. పక్కపక్క ఫొటోలు 80 శాతం ఒకదాని మీద ఒకటి పడాలి, పై వరుస కింది వరుస మీద 60 శాతం పడాలి. జూమ్ కదపకండి, ఒక గోడ మొత్తానికీ ఒకే ఫోకల్ లెంగ్త్. మబ్బు పట్టిన రోజు మంచిది, ఎండ నీడలు చెక్కడాన్ని మింగేస్తాయి. కొలత తెలిసిన కర్ర ఒకటి, రంగుల కార్డు ఒకటి ఫ్రేములో పడేలా పెట్టండి. కొలత కర్ర లేని మోడల్ చూడటానికి బాగుంటుంది గానీ, దాని నుంచి ఒక్క రాయి కూడా కొలతకు చెక్కలేరు. కెమెరా ఇచ్చే అసలు రా ఫైళ్ళను మార్చకుండా ఉంచండి. ఇది తర్వాత కోర్టుకు కూడా పనికొస్తుంది.

డ్రోన్ జోలికి సైన్యం రాతపూర్వక అనుమతి లేకుండా పోవద్దు. యుద్ధంలో ఎగిరే ప్రతి డ్రోనూ శత్రువుదే అనుకుంటారు, కింద నిలబడ్డ మనిషి మీద కాల్పులు జరుగుతాయి.

మూడు ప్రతులు చేయండి: ఒకటి నగరంలో, ఒకటి నగరం బయట, ఒకటి దేశం బయట. ముఖ్యమైన నక్షాలు కాగితం మీద కూడా ఉండాలి, కరెంటు లేని వారంలో హార్డ్ డిస్కు పెట్టెలో రాయి లాంటిదే. లోపల విలువైనవి ఎక్కడున్నాయో చూపించే ఫొటోలను మాత్రం ఎవరికి పడితే వాళ్ళకు పంపకండి. దొంగలకు అంతకంటే మంచి పటం దొరకదు.

అటక, కప్పు, నిప్పు

1940 డిసెంబరు 29 రాత్రి లండన్‌లో సెయింట్ పాల్స్ కథీడ్రల్ గుమ్మటం మీది సీసపు రేకులో ఒక అగ్గిబాంబు ఇరుక్కుంది. సీసం కరిగి అది బయటి గ్యాలరీలో పడటంతో కాపలా ఉన్న వాలంటీర్లు ఆర్పేశారు. ఆ రాత్రి థేమ్స్ నది పాటు మీద ఉంది, నీటి మెయిన్లు పగిలిపోయాయి, పైపులో నీళ్ళు సరిగా రాలేదు. గుమ్మటం బతకడానికి అదృష్టం కొంత, అక్కడ మనుషులు ఉండటం కొంత. 1992 ఆగస్టులో బోస్నియాలోని సారయేవోలో జాతీయ గ్రంథాలయం ఉన్న వియెచ్నీత్సా భవనం కాలిపోయినప్పుడు కూడా నీటి సరఫరా కష్టమే అగ్నిమాపక సిబ్బందిని దెబ్బతీసింది. కాబట్టి నీళ్ళకు కొళాయిని నమ్ముకోకండి.

మొదటి పని చీపురు పని. అటకలో ఉన్న పాత కాగితాలు, విరిగిన కుర్చీలు, పావురాల గూళ్ళు, ఎండు రెట్ట, మిగిలిపోయిన రంగుల డబ్బాలు అన్నీ దింపేయండి. పాత వాసాలు, దూలాలు వందల ఏళ్ళు ఎండిన కట్టెలు. వాటి కింద ఎండుచెత్త ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. తర్వాత:

- గ్యాసు పూర్తిగా కట్టేయండి. కరెంటు మెయిను దగ్గర తెంచండి. కాపలాకు కావాల్సిన ఒక్క లైను మాత్రం వేరుగా, సొంత బ్రేకర్‌తో.
- ప్రతి అంతస్తులో, అటకలో కూడా, పొడి ఇసుక బకెట్లు, పొడవాటి పిడి పారలు, మంటార్పే సిలిండర్లు. అటకలో పెట్టినవి నిచ్చెన దగ్గర ఉండాలి, మంట పుట్టే మూలన కాదు.
- ఆవరణలో సొంత నీటి తొట్టి, డీజిల్‌తో నడిచే పంపు, పైకప్పు దాకా చేరే హోసు. వారానికోసారి పంపు నడిపి చూడండి. నడపని పంపు అవసరం వచ్చిన రాత్రి నడవదు.
- గదుల మధ్య తలుపులు రాత్రిళ్ళు మూసే ఉంచండి. పాత మందపు చెక్క తలుపు మూసి ఉంటే మంట దాటడానికి చాలాసేపు పడుతుంది.

కాపలా ఇద్దరిద్దరిగా ఉండాలి, ఒక్కరుగా ఎప్పుడూ వద్దు. మంట ఎలాంటిదో వాళ్ళకు తెలియాలి. అగ్గిబాంబుల్లో ఉండే థర్మైట్, మెగ్నీషియం మండుతుంటే నీళ్ళు చిమ్మితే చిందర వందరగా ఎగురుతుంది. పొడి ఇసుకతో కప్పి, చుట్టుపక్కల కర్రను తడపాలి. తెల్ల ఫాస్ఫరస్ అయితే తడి ఇసుకతో కప్పి తడిగానే ఉంచాలి. ఆరిందంటే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది. ఏమిటో తెలియని లోహపు వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా, గురుతు పెట్టుకుని, వెనక్కి వచ్చేయాలి. ఏ కట్టడమూ మనిషి ప్రాణం కంటే ఎక్కువ కాదు. కాపలా వాళ్ళకు ఈ మాట చెప్పి వదిలేస్తే చాలదు, డ్యూటీ కాగితం మీదే రాసి ఇవ్వాలి.

ఇసుక బస్తాలు: ఎంత, ఎలా, ఎక్కడ ఆపాలి

అందరికీ తెలిసిన పద్ధతి, అందరూ తప్పు చేసే పద్ధతి ఇదే. బస్తా పని తునకలను ఆపడం. గాలి దెబ్బను అది కొంత తగ్గిస్తుందే తప్ప ఆపదు.

లెక్క ఇలా వేయండి. నేల దగ్గర ఒకటిన్నర మీటర్లు, పైన అర మీటరు మందంతో, 3 మీటర్ల ఎత్తు గోడ అనుకుందాం. సగటు మందం ఒక మీటరు, కాబట్టి ఒక మీటరు పొడవుకు 3 ఘనపు మీటర్ల ఇసుక. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు, అంటే మీటరు పొడవుకు 4.8 టన్నులు. బస్తాకు 18 కిలోల చొప్పున దాదాపు 270 బస్తాలు. పది మీటర్ల ముఖద్వారానికి 2,700 బస్తాలు, 48 టన్నులు. వాన పడి తడిస్తే బరువు ఇంకో పాతిక శాతం దాకా పెరుగుతుంది.

ఇప్పుడు నేల వైపు చూడండి. పాత నగరాల్లో చతురస్రాల కింద, వీధుల కింద, చర్చిల కింద నేలమాళిగలు ఉంటాయి. కమాను కప్పు మీద ఒక పక్కనే 48 టన్నులు మోపితే, ఏ బాంబూ పడకుండానే ఆ కప్పు దిగిపోతుంది. కాబట్టి ముందు కిందికి దిగి చూసి, అవసరమైతే ఊతలు పెట్టి, ఆ తర్వాతే మొదటి బస్తా. ఇంజనీరు దొరకకపోతే బస్తాల గోడ ఎత్తు తగ్గించండి, లేదా అసలు మానేయండి.

ఇసుక కడిగిన నది ఇసుక కావాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. చెమ్మతో పాటు అది రాతిలోకి వెళ్ళి, ఆరేటప్పుడు గడ్డకట్టి పైపొరను పెచ్చులుగా లేపుతుంది. పరీక్ష చిన్నదే: గుప్పెడు ఇసుకను గాజు గ్లాసులో బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి, తేరుకున్నాక ఆ నీటి బొట్టు ఒకటి శుభ్రమైన అద్దం మీద వేసి ఆరనివ్వండి. చిక్కగా తెల్లటి వలయం మిగిలితే ఆ ఇసుక వద్దు.

బస్తాను మూడింట రెండు వంతులే నింపండి. నిండా కూరితే గుండ్రంగా దొర్లుతుంది, పక్కదానితో అతకదు. మూతి మడిచి కిందికి తిప్పి పరచాలి. ప్రతి వరుసనూ పలకతో కొట్టి చదును చేయాలి. ఇటుకల లాగే కీళ్ళు ఒకదాని మీద ఒకటి రాకూడదు. మధ్య మధ్యలో ఒక వరుస అడ్డంగా పడాలి, లేకపోతే బయటి పొర మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది. ఊతం లేని గోడ ఎత్తు దాని అడుగు వెడల్పుకు రెండింతలు దాటకూడదు. అంతకంటే ఎత్తు కావాలంటే జాలీ పెట్టెల్లో జియోటెక్స్‌టైల్ (గాలి, నీరు పోనిచ్చే గట్టి సింథటిక్ బట్ట) వేసి ఇసుక నింపే గేబియన్లు వాడండి. ఎక్కడైనా సరే, పైభాగంలో కూడా, అర మీటరు కంటే పలచని ఇసుకను రక్షణగా లెక్కేసుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, చెక్కిన రాతికీ బస్తాలకూ మధ్య 30 నుంచి 50 సెంటీమీటర్ల ఖాళీ. మనిషి చేయి, టార్చి దూరేంత. ఆ ఖాళీ లేకపోతే బస్తాల బరువు శిల్పం మీద ఒరుగుతుంది, చెమ్మ నేరుగా రాతిలోకి దిగుతుంది. చలికాలంలో ఆ చెమ్మ గడ్డకట్టి రాయిని చీల్చుతుంది. బస్తాల మీద టార్పాలిన్ వాలుగా, నీరు కట్టడానికి దూరంగా జారేలా వేయండి. పక్కలు మూయకండి. గాలి కింద నుంచి లోపలికి, పై నుంచి బయటికి ఆడాలి.

బస్తాలకూ ఆయుష్షు ఉంది. ప్లాస్టిక్ నేత సంచులు ఎండకు నెలల్లోనే పొడిపొడిగా రాలిపోతాయి. గోనె సంచులు తడిస్తే కుళ్ళిపోతాయి. యుద్ధం ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు కనుక, బస్తాలను అత్యవసర ఏర్పాటుగా మాత్రమే చూసి, కొన్ని నెలల్లో పరంజా, పలకలతో కట్టిన స్థిరమైన గూడు వేయడం మేలు.

గూడు, తొడుగు, ఇటుక గోడ

2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని లివీవ్ నగరం మార్కెట్ చతురస్రంలో నాలుగు ఫౌంటెన్ల మీది విగ్రహాలను మంటకు తట్టుకునే బట్టతో చుట్టి, పరంజాలో బిగించారు. చర్చి రంగుటద్దాలను లోహపు పలకలతో మూశారు. చూడటానికి సులువుగానే ఉంటుంది. కష్టమంతా వివరాల్లో ఉంది.

పరంజా సొంత కాళ్ళ మీద నిలబడాలి, విగ్రహాన్ని పట్టుకుని కాదు. అడుగున కాంక్రీటు దిమ్మెల బరువు పెట్టి గాలికి పడిపోకుండా చూడండి, ఎందుకంటే బట్ట కట్టిన పరంజా తెరచాప లాంటిది. గోడకు కట్టక తప్పదనుకుంటే బోల్టు రాళ్ళ మధ్య సున్నపు కీలులోకి వెళ్ళాలి, రాతిలోకి కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు తప్ప మరొకటి వద్దు. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని పగలగొడుతుంది.

విగ్రహానికి తగిలే మొదటి పొర గాలి ఆడే జియోటెక్స్‌టైల్ అయి ఉండాలి. దాని మీద రాక్‌వూల్ (మండని రాతి నార) దుప్పటి, ఆ పైన మంటకు తట్టుకునే బట్ట. నీలిరంగు ప్లాస్టిక్ పట్టాను నేరుగా చుడితే లోపల రాత్రికి చెమట పడుతుంది, పగలు ఉడుకుతుంది. థర్మోకోల్, పాలీయురెథేన్ ఫోమ్, బబుల్ షీటు లోపల పెట్టడమంటే విగ్రహం చుట్టూ మంట పేర్చడమే.

లోపల ఒక చిన్న తేమ మీటరు వదలండి. వారానికోసారి చూడండి. గాలి తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు వస్తుంది. ఒక పక్క విప్పి గాలి ఆడించాలి.

కదపలేనివాటికి ఇటుక గోడ పాత మందు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్లోరెన్సులో మైకెలాంజిలో డేవిడ్ విగ్రహం చుట్టూ ఇటుకలతో గూడు కట్టారు. సిరియా అంతర్యుద్ధంలో అలెప్పో ఉమయ్యద్ మసీదు ప్రాంగణంలోని నీడ గడియారాన్ని కూడా ఇలాగే గోడలో మూశారు. మిలాన్‌లో లియొనార్డో చివరి విందు చిత్రం ఉన్న గోడకు ఇసుక బస్తాలు, పరంజా పెట్టి ఉంచారు. 1943 ఆగస్టులో బాంబు పడి ఆ భోజనశాల కప్పు, ఒక పక్క గోడ కూలాయి గానీ చిత్రం ఉన్న గోడ నిలబడింది. మీరు ఇటుక గోడ కడితే మట్టి అడుసుతోనో పలచని సున్నంతోనో కట్టండి. సిమెంటు వద్దు. సిమెంటులోని ఉప్పులు పక్క రాతిలోకి పాకుతాయి, రేపు విప్పేటప్పుడు సుత్తి దెబ్బలు శిల్పం దాకా వెళ్తాయి.

లెబనాన్ రాజధాని బేరూత్‌లోని నేషనల్ మ్యూజియం అనుభవం ఇక్కడ తప్పక తెలుసుకోవాలి. 1975లో మొదలైన అంతర్యుద్ధంలో క్యూరేటర్ మోరిస్ షెహాబ్ పెద్ద శవపేటికలనూ విగ్రహాలనూ చెక్క చట్రాల్లో పెట్టి కాంక్రీటు పోయించారు. నేల మొజాయిక్‌ల మీద ప్లాస్టిక్ పరిచి కాంక్రీటు పరిచారు. చిన్న వస్తువులను నేలమాళిగలో దాచి గోడ కట్టేశారు. అవి దొంగల కంట పడలేదు, తునకలకు దొరకలేదు. కానీ నేలమాళిగలోకి నీరు చేరి, ఏళ్ళ తరబడి చెమ్మ పట్టింది. లోహపు, రాతి వస్తువులు ఉప్పు పట్టి పాడయ్యాయి. దాచిన చోటు తడి అవుతుందా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా గోడ మూయకండి.

మొజాయిక్ అయితే వేరే పద్ధతి. సిరియాలో మఅర్రా మ్యూజియంలో రాళ్ళ మీద నీటిలో కరిగే జిగురుతో బట్ట అతికించి, ఆ పైన ఇసుక బస్తాలు పేర్చారు. 2015 జూన్‌లో భవనం మీద బ్యారెల్ బాంబులు (పేలుడు పదార్థం నింపిన పీపాలు) పడ్డాయి. మొజాయిక్‌లు చాలావరకు మిగిలాయి. ఇందులో కిటుకు జిగురే. నీటితో విడిపోయేదే వాడాలి, ఎపాక్సీ వాడితే ఆ రాళ్ళకు మళ్ళీ వెలుగు చూసే దారి ఉండదు. రంగు పెళుసుబారిన గోడ చిత్రం మీద మాత్రం ఈ పని చేతివాటం ఉన్న కన్జర్వేటర్ లేకుండా చేయొద్దు. బట్టతో పాటు రంగు లేచి వస్తుంది.

కిటికీ అద్దాలు

రంగుటద్దాల కిటికీకి ఒకటే నిజమైన రక్షణ, విప్పి తీసుకుపోవడం. 1939లో ఫ్రాన్సులోని షార్త్ర్ కథీడ్రల్ కిటికీలను అలాగే విప్పి దాచారు. ప్రతి పలకకూ ముందు ఫొటో, నంబరు, ఏ వైపు బయట, ఏది పైన అన్న గురుతు. పుట్టీ మెల్లగా తీసి, అడ్డపు కమ్మీలకు కట్టిన తీగలు విప్పి, పలకను రెండు చేతులతో అంచు పట్టి తీయాలి. చెక్కపెట్టెల్లో నిలువుగా పెట్టాలి, మధ్యలో మెత్తటి పాలిథిలీన్ ఫోమ్. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే పాత సీసపు పట్టీలు వంగి గాజు పగులుతుంది. సీసం పొడి ఒంట్లోకి పోకుండా మాస్కు, గ్లవుసులు.

విప్పే టైము లేకపోతే బయట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా లోహపు పలక. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పలకను కిటికీలోని సన్నటి రాతి చట్రానికే బిగిస్తే, గాలి దెబ్బ మొత్తం ఆ చట్రం మీదే పడుతుంది, గాజుతో పాటు రాయీ పోతుంది. కాబట్టి పలకను సొంత చట్రంలో పెట్టి, మందమైన గోడ మీద ఆనించండి. అంచుల్లో గాలి దూరే సందు వదలండి. లోపలి వైపు వల కట్టండి, రాలిన ముక్కలు ఎక్కడివక్కడే దొరుకుతాయి. చిత్రించిన గాజు మీద టేపు అతికించకండి. తీసేటప్పుడు రంగు టేపుకు వచ్చేస్తుంది.

నీలి కవచం, సైనికులు

యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడే 1954 హేగ్ ఒప్పందం ప్రకారం నీలం, తెలుపు కవచం గుర్తు సాంస్కృతిక కట్టడాలకు పెడతారు. మామూలు రక్షణకు ఒక కవచం. ప్రత్యేక రక్షణకు, రవాణాకు మూడు కవచాలు త్రికోణంగా, ఒకటి కింద. ఈ గుర్తును ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకోకూడదు. కట్టడం మీద గుర్తుతో పాటు, ప్రభుత్వం నియమించిన అధికారి సంతకం, తేదీ ఉన్న అనుమతి పత్రం కూడా కనిపించేలా పెట్టాలని ఒప్పందంలోనే ఉంది. ఆ కాగితం ప్లాస్టిక్ తొడుగులో పెట్టి తలుపు పక్కన తగిలించండి.

గుర్తు పెట్టాలా వద్దా అన్నది చేదు నిర్ణయం. 1991 డిసెంబరు 6న క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పాత నగరం మీద గుళ్ళు కురిసినప్పుడు అక్కడ యునెస్కో జెండాలు ఎగురుతూనే ఉన్నాయి. అయితే ఆ దాడికి బాధ్యులైన సైనికాధికారులకు తర్వాత అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షలు వేసింది. గుర్తు ఉన్నప్పుడు తెలియక కొట్టామని చెప్పడం కష్టమవుతుంది. ఎదుటి సైన్యం చట్టాన్ని కొంతైనా పట్టించుకునేదైతే పెట్టండి. వారసత్వాన్నే లక్ష్యంగా కొడుతున్నవాళ్ళయితే వేరే ఆలోచించండి. రెండు సందర్భాల్లోనూ అక్షాంశ రేఖాంశాలను మంత్రిత్వ శాఖ ద్వారా, యునెస్కో ద్వారా యుద్ధంలో ఉన్న పక్షాలకు చేరవేయాలి. ఈ రోజుల్లో గుర్తు కంటే అంకెలే ఎక్కువ పనిచేస్తాయి. హేగ్ ఒప్పందానికి 1999లో చేర్చిన రెండో ప్రోటోకాల్‌లో దేశం చేరి ఉంటే, అత్యవసర పద్ధతిలో తాత్కాలికంగా మెరుగైన రక్షణ అడగొచ్చు. 2023లో ఉక్రెయిన్‌లో 20 చోట్లకు, 2024 నవంబరులో లెబనాన్‌లో 34 చోట్లకు అలాగే ఇచ్చారు.

ఆ రక్షణ నిలవాలంటే మన సైన్యం కూడా అందులో అడుగుపెట్టకూడదు. ఎత్తైన గోపురం కనిపిస్తే ఏ కమాండరుకైనా కాపలా మనిషిని ఎక్కించాలనిపిస్తుంది, మందపు గోడల నేలమాళిగ కనిపిస్తే మందుగుండు దాచాలనిపిస్తుంది. ఒక్క యాంటెన్నా చాలు, ఆ కట్టడం సైనిక లక్ష్యమని వాదించడానికి. కాబట్టి స్థానిక కమాండరును ముందే కలిసి, జాబితా చేతికిచ్చి, ఆ కట్టడాలను సైన్యం వాడుకోబోదని రాతలో తీసుకోండి. అధికారి మారిన ప్రతిసారీ మళ్ళీ కలవండి.

దెబ్బ తగిలాక

పేలని బాంబులను ఏరే బృందం చూసి పొమ్మనేదాకా లోపలికి ఎవరూ వెళ్ళొద్దు. రెండో దెబ్బ మొదటి దెబ్బ చూడటానికి వచ్చినవాళ్ళ మీదే పడుతుంది. తర్వాత బయటి నుంచి చూపు: గోడ లంబం తప్పిందా, కమాను తలరాయి జారిందా, కొత్త పగుళ్ళు ఉన్నాయా. పగులు మీద సన్నటి జిప్సం పట్టీ వేసి తేదీ రాయండి. అది చిట్లితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. కమానుకు చెక్క ఊత పెట్టేటప్పుడు, ఊతను పైకి బలంగా బిగించకండి. చేతితో చీలికలు తట్టి, తాకీ తాకనట్టు ఆపాలి. ఎక్కువ బిగిస్తే మీరే కమానును పైకెత్తి కూలుస్తారు.

ఏదైనా కదపక ముందు ఫొటోలు: దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి, కొలత కర్రతో. కెమెరా ఫైలు మార్చకుండా ఉంచి, దాని హ్యాష్ అంకెను (ఫైలు ఏ కాస్త మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) వేరే చోట రాసిపెట్టండి. మాలి దేశంలోని టింబక్టు సమాధులను కూల్చిన కేసులో 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అహ్మద్ అల్ ఫకీ అల్ మహ్దీకి 9 ఏళ్ళ శిక్ష వేసింది. ఇలాంటి కేసులకు సాక్ష్యం ఇలాంటి ఫొటోల నుంచే పుడుతుంది.

రెండు రోజుల్లోగా కప్పు మూయాలి. టార్పాలిన్‌ను పాత వాసాలకు మేకులతో కొట్టకండి. చెక్క పట్టీల మధ్య అంచు చుట్టి, ఆ పట్టీలను తాళ్ళతో కట్టండి. వాలు సరిపోకపోతే నడుమ నీటి కుంట ఏర్పడి, ఆ బరువుకు మిగిలిన కప్పు కూడా దిగుతుంది.

శిథిలాలను ఎత్తే పనికి బుల్‌డోజరును పిలవకండి, పిలిచినవాళ్ళను ఆపండి. నేలను తాళ్ళతో గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో దొరికిన రాయి ఆ గడి పేరుతో నంబరు వేసి, కప్పు కింద ఎండ వాన తగలని చోట పేర్చండి. నంబరు చెక్కిన ముఖం మీద వద్దు, వెనక వైపు. బోస్నియాలో మోస్తార్ వంతెన 1993లో కూలాక దాని రాళ్ళను నెరెత్వా నదిలోంచి పైకి తీశారు, జర్మనీలో డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్షె చర్చిని తిరిగి కట్టడంలో పాత శిథిలాల రాళ్ళు వేల సంఖ్యలో వాడారు. చెక్కిన ముక్క, అచ్చుగా ఉన్న ఇటుక, కాలని దూలం ముక్క, పాత మేకు, పాత సున్నపు గార ముద్ద కూడా ఉంచండి. ఆ సున్నంలో ఏమేం కలిపారో రేపు మేస్త్రీకి దాని నుంచే తెలుస్తుంది.

తొడుగులు విప్పే రోజు వచ్చినప్పుడు తొందరపడకండి. నెలల తరబడి నీడలో, చెమ్మలో ఉన్న రాయిని ఒక్కసారిగా ఎండలోకి తెస్తే పైపొర గబగబా ఆరి, లోపలి ఉప్పు పైకి వచ్చి పెచ్చులు లేస్తాయి. ముందు ఒక పక్క తెరిచి రెండు వారాలు గాలి ఆడనివ్వండి. తేమ మీటరు అంకె బయటి గాలికి దగ్గరగా వచ్చాక రెండో పక్క విప్పండి. విప్పిన చోట తెల్లటి పొడి కనిపిస్తే మెత్తటి పొడి బ్రష్షుతో మాత్రమే దులపండి, నీళ్ళతో కడగకండి.